పీఎస్‌డీ-95 లేని ఎలుక బతుకుతోంది, షాంక్3 ఒక్క కాపీ పోతే పిల్లలకి మాట రావట్లేదు: ఇదెలా? (దాంతోపాటు ఒక బ్లాట్ గొడవ)

అమరావతి_రోడ్డు (గుంటూరు)

నమస్కారం అండీ. సైనాప్స్‌లోని (రెండు న్యూరాన్లు కలిసే చోటు) స్కాఫోల్డ్ ప్రొటీన్ల (మిగతా ప్రొటీన్లని ఒకచోట పట్టి ఉంచేవి) మీద ఎమ్మెస్సీ ప్రాజెక్టు. పీఎస్‌డీ-95, షాంక్3 అలాంటివే. రెండు చోట్ల బండి ఆగింది.

ఒకటి చదువులో. ఉత్తేజక సైనాప్స్‌కి పీఎస్‌డీ-95 వెన్నెముక అని ఏ పాఠం తీసినా ఉంటుంది. కానీ ఆ జన్యువు తీసేసిన ఎలుకలు పుడుతున్నాయి, తిరుగుతున్నాయి, తింటున్నాయి. అదే షాంక్3 రెండు కాపీల్లో ఒకటి పోతే చాలు, మనిషికి మాట దగ్గర్నుంచి అన్నీ దెబ్బతింటున్నాయి. వెన్నెముక మొత్తం తీసేసినా కూలనిది, పక్క ఎముక సగం విరిగితే ఎలా కూలింది?

రెండోది బెంచి మీద. విస్టార్ ఎలుకల కార్టెక్స్ 7, 14, 21, 60 రోజుల వయసుల్లో తీసుకున్నాం (జంతు ప్రయోగాల నైతిక కమిటీ ఐఏఈసీ అనుమతి ఉంది). 0.32 మోలార్ సుక్రోజ్‌లో హోమోజినైజ్ చేసి మొదటి స్పిన్ 1000, రెండోది 10,000. రెండో స్పిన్‌లో అడుగున దిగిన పీ2 పెలెట్‌ని (సైనాప్స్ ముక్కలు ఉండేది) నేరుగా 0.5 శాతం ట్రైటాన్‌లో (పొరల్ని కరిగించే డిటర్జెంట్) కలిపి 13,000 దగ్గర తిప్పాం. అన్నీ మామూలు మైక్రోఫ్యూజ్‌లోనే, రోటర్ వ్యాసార్థం 8.4 సెం.మీ. చివరి పెలెట్టే పీఎస్‌డీ (సైనాప్స్‌లో సంకేతం అందుకునే వైపు పొర కింద ఉండే దట్టమైన ప్రొటీన్ల పలక) అనుకుని బ్లాట్ (జెల్‌లో విడగొట్టి యాంటీబాడీతో ప్రొటీన్‌ని గుర్తించే పరీక్ష) చేశాం. 7వ రోజు లేన్‌లో పీఎస్‌డీ-95 కనపడట్లేదు. ల్యాబ్‌లో ఉన్న ఇంకో యాంటీబాడీ పెడితే మాత్రం అదే లేన్‌లో మందంగా బ్యాండ్ వస్తోంది. పైగా పెలెట్‌లో సైనాప్టోఫైసిన్ (సంకేతం పంపే వైపు ఉండే వెసికిల్స్ అనే చిన్న సంచుల ప్రొటీన్, పీఎస్‌డీలో ఉండకూడనిది) కూడా ఉంది. లోడింగ్ కంట్రోల్ (అన్ని లేన్లలో ప్రొటీన్ సమానంగా పడిందా అని చూసేది) బీటా ట్యూబులిన్. ఎక్కడ పోయింది?

కరకట్ట_గాలి (విజయవాడ)

బ్లాట్ సంగతి తెలిసినవాళ్లు చెప్తారు, నేను మొదటి ప్రశ్న పట్టుకుంటాను.

ముందు ఆ మాట గురించి. స్కాఫోల్డ్ అంటే పరంజా అని అనుకుంటే అక్కడే దారి తప్పుతాం. శ్లాబు గట్టిపడ్డాక పరంజా విప్పేస్తారు, సర్వి కర్రలు ఇంకో సైటుకి వెళ్లిపోతాయి. ఈ ప్రొటీన్లని విప్పరు. మీరు గుంటూరు వాళ్లు కాబట్టి మిర్చి యార్డులో కమీషన్ కొట్టుని తలుచుకోండి. సరుకు ఆయనది కాదు, కొనే డబ్బూ ఆయనది కాదు. రైతునీ కొనుగోలుదారునీ ఒకే అరుగు మీద నిలబెట్టడమే ఆయన పని. పీఎస్‌డీ-95 కూడా అంతే. దాని చివర గ్వానిలేట్ కైనేజ్ అనే భాగం ఉంది, పేరులో కైనేజ్ ఉందే గానీ ఎంజైమ్‌గా అది పనిచేయదు, పట్టుకోవడానికే పనికొస్తుంది.

ఏది ఎవర్ని పట్టుకుంటుందో చూద్దాం. పీఎస్‌డీ-95లో 724 అమైనో ఆమ్లాలు. వరుసగా మూడు పీడీజెడ్ భాగాలు (ఒక్కోటి 90 అమైనో ఆమ్లాల వరకు), తర్వాత ఎస్‌హెచ్3, చివర గ్వానిలేట్ కైనేజ్ భాగం. పీడీజెడ్ గుంటలో ఎదుటి ప్రొటీన్ తోక కొస దూరుతుంది. సంకేతం అందుకునే ఎన్ఎండీఏ రిసెప్టర్‌లోని గ్లూఎన్2బి ఉపభాగం తోకలో ఆఖరి నాలుగు అక్షరాలు (అమైనో ఆమ్లాలు) గ్లుటమేట్, సెరీన్, ఆస్పార్టేట్, వాలీన్. ఆ నాలుగే తాళంచెవి. సంకేతం అందుకునే ఇంకో రకం, ఆంపా రిసెప్టర్, నేరుగా రాదు, స్టార్గాజిన్ కుటుంబపు ప్రొటీన్లు దాన్ని వెంటబెట్టుకొస్తాయి. మూడో పీడీజెడ్‌కి న్యూరోలిజిన్, సిన్‌గ్యాప్ అనే ప్రొటీన్లు తగులుకుంటాయి. కైనేజ్ భాగం జీకేఏపీ అనే ప్రొటీన్‌ని పడుతుంది, జీకేఏపీ తోకని షాంక్ పడుతుంది, షాంక్‌లోని ప్రోలీన్ ఎక్కువున్న భాగాన్ని హోమర్, హోమర్ ఇంకో చేత్తో ఎమ్‌గ్లూఆర్5 అనే రిసెప్టర్‌ని. అంటే పొరకి ఆనుకుని పీఎస్‌డీ-95, దాని కింద జీకేఏపీ, ఇంకా లోపల షాంక్, హోమర్ల వల. ఒక్కో సైనాప్స్‌లో పీఎస్‌డీ-95 కుటుంబపు అణువులు సుమారు 300 ఉంటాయని లెక్క.

ఇక మీ పోలిక. మెలిక అందులోనే ఉంది. ఒక పక్క ఎలుకని పెట్టి "బతికిందా లేదా" అని అడిగారు, ఇంకో పక్క మనిషిని పెట్టి "మాట వచ్చిందా" అని అడిగారు. ఎలుకని ఎలుకతోనే పోల్చండి: షాంక్3 ముఖ్య రూపాలు లేని ఎలుకలూ బతుకుతాయి, కాకపోతే ఒంటిమీద పుండ్లు పడేదాకా ఒళ్లు గోక్కుంటాయి. మనిషిని మనిషితో పోల్చండి: పీఎస్‌డీ-95 జన్యువు డీఎల్‌జీ4. అందులో ఒక్క కాపీ చెడినా నిద్ర తేడాలు, ఒళ్లు మెత్తబడటం, బుద్ధిమాంద్యం, మూర్ఛలు కలిసి వస్తాయి, దానికి షైన్ సిండ్రోమ్ అని పేరు కూడా ఉంది. వెన్నెముక విరిగినా కూలలేదన్నది మనం అనుకున్నదే.

ఎలుక బతకడానికి కారణం అన్నదమ్ములు. పీఎస్‌డీ-93, ఎస్ఏపీ102, ఎస్ఏపీ97 అదే కుటుంబం. ఎస్ఏపీ102 పుట్టిన మొదటి రెండు వారాల్లో ముందుండి సైనాప్స్ నడుపుతుంది, పీఎస్‌డీ-95 మెల్లగా పెరిగి తర్వాత బాధ్యత తీసుకుంటుంది. అదే కాలంలో గ్లూఎన్2బి వాటా తగ్గి గ్లూఎన్2ఎ పెరుగుతుంది. పుట్టుక నుంచీ పీఎస్‌డీ-95 లేకపోతే ఎస్ఏపీ102 ఇంకా కొంతకాలం ఆ కుర్చీలోనే కూర్చుంటుంది. పెరిగిన న్యూరాన్లలో పీఎస్‌డీ-95, పీఎస్‌డీ-93, ఎస్ఏపీ102 మూడింటినీ ఒకేసారి తగ్గించి చూస్తే ఆంపా కరెంటు బాగా పడిపోతుంది. అన్నదమ్ముల సర్దుబాటుకి అప్పుడు వ్యవధి ఉండదు కదా.

సర్దుకున్నా లోటు లోటే. 1998లో వచ్చిన పీఎస్‌డీ-95 మ్యూటెంట్ ఎలుకల్లో ఎల్‌టీపీ (వాడేకొద్దీ సైనాప్స్ బలపడటం) తగ్గలేదు, మామూలుకంటే ఎక్కువైంది, అయినా నీళ్ల తొట్టిలో దారి నేర్చుకోవడం రాలేదు. ఇంకా ఆసక్తికరమైనది దృష్టి కార్టెక్స్‌లో దొరికింది. కళ్లు తెరిచే వయసులో చాలా సైనాప్స్‌లలో ఎన్ఎండీఏ రిసెప్టర్లు ఉండి ఆంపా ఉండవు. వీటిని మూగ సైనాప్స్ అంటాం. మామూలు ఎలుకలో పీఎస్‌డీ-95 పెరిగేకొద్దీ అవి ఆంపా తెచ్చుకుని మాట్లాడటం మొదలుపెడతాయి, నేర్చుకునే కీలక దశ ముగుస్తుంది. పీఎస్‌డీ-95 లేని ఎలుకలో మూగవి మూగగానే మిగిలిపోతాయి, ఆ దశ పెద్దయ్యాక కూడా మూసుకోదు. ఈ ప్రొటీన్ లోటు వెతకాల్సింది ఇక్కడ, సైనాప్స్ ఏ వయసుకి ఏ స్థితికి రావాలో అక్కడ.

షాంక్3 విషయంలో మోతాదు ప్రధానం. షాంక్2, షాంక్3ల కొసలోని శామ్ భాగాలు జింక్ సాయంతో ఒకదాని పక్కన ఒకటి పేర్చుకుని పలకలా తయారవుతాయి. ఇటుకలు సగమే వస్తే పలక సగం సైజులో చక్కగా రాదు, అతుకులు లేచిపోతాయి. స్ట్రయేటమ్ అనే మెదడు భాగంలో షాంక్3 వాటా ఎక్కువ కాబట్టి అక్కడ దెబ్బ గట్టిగా తగులుతుంది. ఎక్కువైనా ఇబ్బందే, షాంక్3 మోతాదు పెంచిన ఎలుకలు ఉన్మాదం పట్టినట్టు తిరిగాయి. 2016లో షాంక్3 ఆపి ఉంచిన ఎలుకల్లో, అవి పెద్దయ్యాక, ఆ జన్యువుని తిరిగి ఆన్ చేసి చూశారు: గోక్కోవడం తగ్గింది, తోటి ఎలుకలతో మెలగడం మెరుగైంది, బెదురూ అడుగుల తడబాటూ మాత్రం పోలేదు. పసితనంలోనే ఆన్ చేస్తే అవి కూడా కొంత దారికొచ్చాయి.

నిరోధక సైనాప్స్‌లో ఇవేవీ ఉండవు, అక్కడ గెఫిరిన్ కొట్టు వేరు. దాని పేరుకి గ్రీకులో వంతెన అని మూలం. మీ ప్రాజెక్టుకి అది అడ్డం రాదు, పక్కన పెట్టేయండి.

పాన్సో_మరక (గుంటూరు)

బ్లాట్ దగ్గరికి వద్దాం. మీరు 1000, 10,000, 13,000 అన్నారు, అవి జి బలమా (గురుత్వానికి ఎన్ని రెట్లు), నిమిషానికి చుట్లా? మైక్రోఫ్యూజ్ అన్నారు కాబట్టి చుట్లే అనుకుంటాను, మీ గొడవలో సగం అక్కడే ఉంది. లెక్క ఇది: జి = 0.00001118 × వ్యాసార్థం సెం.మీ.లో × చుట్ల వర్గం. 8.4 సెం.మీ. రోటర్‌లో 1000 చుట్లంటే 94 జి. న్యూక్లియైలు (కణకేంద్రకాలు) దిగాలంటే 1000 జి, 10 నిమిషాలు కావాలి, అంటే మీ రోటర్‌లో 3,260 చుట్లు. 10,000 దగ్గర మీకు 9,400 జి వస్తోంది, పీ2కి 15 నిమిషాలు ఇస్తే ఫర్వాలేదు. 13,000 దగ్గర 15,900 జి. పీఎస్‌డీ దిగడానికి 32,000 జి, 20 నిమిషాలు ఇవ్వాలి. సగం బలంతో తిప్పితే పీఎస్‌డీలో కొంత సూపర్‌నాటెంట్‌తో సింకులోకి పోతుంది.

న్యూక్లియైలు దిగకపోతే పీ2లోకి వస్తాయి, వాటి అస్థిపంజరం ట్రైటాన్‌లో కరగదు, మీ "పీఎస్‌డీ"లోనే కూర్చుంటుంది. ఏడు రోజుల కార్టెక్స్‌లో కణాలు ఒత్తుగా, మధ్యలో తంతువుల జాగా తక్కువగా ఉంటుంది కాబట్టి గ్రాముకి న్యూక్లియైలు ఎక్కువ. అందుకని 7వ రోజు లేన్‌కే ఈ కల్తీ అందరికంటే ఎక్కువ తగిలింది. పీ2ని, చివరి పెలెట్‌ని న్యూక్లియైలలో ఉండే హిస్టోన్ హెచ్3తో ఒకసారి బ్లాట్ చేయండి, తేలిపోతుంది. ట్రైటాన్ వేశాక పెలెట్ జిగురుగా తీగలు సాగితే బ్లాట్ కూడా అక్కర్లేదు, అది డీఎన్ఏ.

ఇవన్నీ సరిచేసినా 7వ రోజు పీఎస్‌డీ-95 తక్కువగానే ఉంటుంది, అది నిజం బయాలజీ. కనపడాలంటే హోమోజినేట్ 20 మైక్రోగ్రాములు, పీఎస్‌డీ 5 మైక్రోగ్రాములు వేసి ఎక్స్‌పోజర్ పెంచండి. ఆ పక్కనే ఎస్ఏపీ102 బ్లాట్ పెట్టండి. అది 7, 14 రోజుల్లో బాగా కనిపించి 60కి తగ్గితే, పీఎస్‌డీ-95 ఎదురు దిశలో పెరిగితే, మీ తయారీ సరైనదేనని రెండూ కలిసి సాక్ష్యం చెప్తాయి.

రెండో యాంటీబాడీ డబ్బా మీద క్లోన్ నంబర్ చూడండి. కె28/43 అయితే పీఎస్‌డీ-95ని మాత్రమే పడుతుంది. కె28/86 అయితే కుటుంబం మొత్తాన్నీ పడుతుంది. రెండు నంబర్లూ కవల పిల్లల్లా ఉంటాయి, ఫ్రిజ్‌లో ఒకే ర్యాక్‌లో పెడితే ఎవరైనా పొరబడతారు. 7వ రోజు మందంగా వచ్చిందంటే మీకు కనపడింది ఎక్కువగా ఎస్ఏపీ102 అయ్యుండాలి. పీఎస్‌డీ-95 అసలు బరువు 80 కిలోడాల్టన్లే అయినా జెల్‌లో 95 దగ్గర పరుగెడుతుంది, ఎస్ఏపీ102 దానికి కాస్త పైన. 12 శాతం జెల్‌లో రెండూ అతుక్కుపోతాయి. 7.5 శాతం జెల్ వేసి 70 మార్కర్ అడుగు దాకా వచ్చేవరకు ఓపిక పట్టండి.

సైనాప్టోఫైసిన్ వచ్చిందంటే ట్రైటాన్ పొరని పూర్తిగా కరిగించలేదు. పీ2ని నేరుగా ట్రైటాన్‌లో వేస్తే లోపలి వెసికిల్స్‌కి అది సరిగ్గా అందదు. ముందు పీ2ని పది రెట్లు 4 మిల్లీమోలార్ హెపీస్‌లో, ప్రొటియేజ్ ఇన్‌హిబిటర్లతో కలిపి మంచుమీద 30 నిమిషాలు ఉంచి పగలగొట్టండి, తిప్పి పెలెట్ తీసుకోండి. తర్వాత ప్రొటీన్ 1 నుంచి 2 మి.గ్రా./మి.లీ. ఉండేలా చూసుకుని ట్రైటాన్ ఆఖరి గాఢత 0.5 శాతం, 4 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు తిప్పండి. పెలెట్‌ని అదే బఫర్‌తో ఒకసారి కడిగి మళ్లీ తిప్పండి. కడగడం మానేస్తే మాత్రం గొట్టం గోడకి అంటిన తడిలోనే సైనాప్టోఫైసిన్ బ్యాండ్ వచ్చేస్తుంది. చివరి పెలెట్‌ని 1 శాతం ఎస్‌డీఎస్‌లో కరిగించండి, రిపా బఫర్ సరిపోదు.

ట్యూబులిన్‌తో లోడింగ్ సరిచూడకండి. మెదడు పెరిగేకొద్దీ ట్యూబులిన్, యాక్టిన్ వాటా తగ్గుతుంది. మీరు పీఎస్‌డీ-95ని దానితో భాగిస్తే 60వ రోజు పెరుగుదల ఉన్నదానికంటే పెద్దగా కనిపిస్తుంది. మెంబ్రేన్‌కి పాన్సో (ప్రొటీన్లన్నిటికీ పట్టే రంగు) పెట్టి ఫొటో తీసి, లేన్ మొత్తం ప్రొటీన్‌తో భాగించండి. ఇంకో పక్క మైలిన్ (నరాల తంతువుల చుట్టూ ఉండే కొవ్వు తొడుగు) ఉంది: సుక్రోజ్ గ్రేడియంట్ లేకుండా చేశారు కాబట్టి 60 రోజుల శాంపిల్‌లో మైలిన్ కొంత కలిసే ఉంటుంది, 7వ రోజుదానిలో దాదాపు ఉండదు. అల్ట్రాసెంట్రిఫ్యూజ్ దొరికితే 0.8, 1.0, 1.2 మోలార్ మెట్లు పేర్చి, 1.0, 1.2 మధ్య పట్టీని తీసుకోండి. దొరక్కపోతే థీసిస్‌లో పీఎస్‌డీ అని రాయకుండా ట్రైటాన్‌లో కరగని భాగం అని రాయండి. వైవాలో అడిగితే నిలబడేది ఆ మాటే.

ఏడు రోజుల పిల్ల కార్టెక్స్ ఒక్కటి చాలదు. ఒకే ఈతలో నాలుగైదు పిల్లలవి కలపండి, కానీ ఆ కలిపినది ఎన్ (శాంపిళ్ల సంఖ్య) లెక్కలో ఒకటే, ఐదు కాదు. ఈతలు కనీసం నాలుగు ఉండేలా చూసుకోండి.

మన ఎండల్లో ఇంకో జాగ్రత్త. హోమోజినైజర్ పిడి, గొట్టాలు, రోటర్ ముందు రాత్రే చల్లబెట్టండి. తల తీసిన దగ్గర్నుంచి సుక్రోజ్‌లో పడేదాకా రెండు నిమిషాలు దాటనివ్వకండి. ఆలస్యమైతే ఆక్సిజన్ అందక క్యామ్‌కైనేజ్2 అనే ఎంజైమ్ గుంపులుగా పీఎస్‌డీ మీదకి చేరి దాన్ని మందం చేస్తుంది, మీ పెలెట్ పెరుగుతుంది, మీరేమో ఫలితం బాగుందనుకుంటారు.

అమరావతి_రోడ్డు

నిమిషానికి చుట్లే అండీ, సిగ్గుగా ఉంది. క్లోన్ కూడా చూశాను, రెండోది 28/86. తర్వాతి దశలో పీఎస్‌డీ-95కి, గ్లూఎన్2బికి జీఎఫ్‌పీ (వెలిగే ప్రొటీన్) తగిలించి కల్చర్ న్యూరాన్లలో చూద్దామని, కో-ఐపీ (ఒక ప్రొటీన్‌ని యాంటీబాడీతో లాగి దానికి అంటుకున్నవి చూడటం) కూడా చేద్దామని సార్ అంటున్నారు. ఇంకో మాట. మా పక్కింటి బాబుకి షాంక్3 లోపమని చెప్పారట, జింక్ మాత్రలు వేస్తే మంచిదేనా అని వాళ్లమ్మ అడుగుతున్నారు. పైన జింక్ అని చదివి అడుగుతున్నాను.

పాన్సో_మరక

ట్యాగ్ ఎక్కడ పెడతారన్నదే ప్రశ్న. పీఎస్‌డీ-95 తల దగ్గర 3వ, 5వ సిస్టీన్‌లకి పామిటేట్ అనే కొవ్వు ఆమ్లం అంటుకుంటేనే అది పొరకి చేరుతుంది. జీఎఫ్‌పీ తల వైపు పెడితే ఆ అంటింపు చెడి ప్రొటీన్ కణమంతా పలుచగా పరుచుకుంటుంది, చుక్కలు రావు. కాబట్టి తోక వైపు పెట్టండి. గ్లూఎన్2బికి సరిగ్గా తిరగేసి: తోకలో ఆ ఆఖరి నాలుగు అక్షరాలు ఖాళీగా ఉండాలి, జీఎఫ్‌పీ బయటి వైపు, సిగ్నల్ పెప్టైడ్ తర్వాత. ఇంకోటి, పీఎస్‌డీ-95ని ఎక్కువగా తయారు చేయిస్తే స్పైన్లు (సైనాప్స్ ఉండే చిన్న బుడిపెలు) ఉబ్బుతాయి, ఆంపా కరెంటు పెరుగుతుంది. కాబట్టి డీఎన్ఏ తగ్గించి, ట్యాగ్ లేని పక్క కణాలతో స్పైన్ల సైజు పోల్చి చూపించండి.

కో-ఐపీకి ట్రైటాన్ పనికిరాదు, మీక్కావలసినదంతా కరగని పెలెట్‌లోనే ఉండిపోతుంది, కరిగిన దాంట్లో సైనాప్స్ బయటివే దొరుకుతాయి. 1 శాతం సోడియం డీఆక్సీకోలేట్, పీహెచ్ 9, 37 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు, తర్వాత ట్రైటాన్ 0.1 శాతం కలిపి 1,00,000 జి దగ్గర తిప్పి పైది వాడండి. పీహెచ్ 7 దగ్గరికి దిగితే డీఆక్సీకోలేట్ జెల్‌లా గడ్డకడుతుంది, బఫర్ చూసుకోండి.

పిల్లల_నాడి (విజయవాడ)

జింక్ సంగతి: వద్దని చెప్పండి. షాంక్3 పలకకి జింక్ కావాలన్నది నిజమే, కానీ ఆ బాబులో కొరత జింక్‌ది కాదు, ప్రొటీన్‌ది. రక్తంలో జింక్ నిజంగా తక్కువుంటే డాక్టరు లెక్క ప్రకారం ఇస్తారు. ఊరికే నెలల తరబడి ఎక్కువ వేస్తే పేగులో రాగి పీల్చుకోవడం తగ్గి రక్తహీనత, తెల్లకణాల తగ్గుదల వస్తాయి.

వాళ్లకి నిజంగా పనికొచ్చే ప్రశ్న ఒకటుంది: ఆ లోపం ఎలా తేలింది? షాంక్3 ఉండేది 22వ క్రోమోజోమ్ పొడుగు చేయి కొసలో, 22క్యూ13.3 దగ్గర. ఆ కొస తెగిపోతే ఫీలన్-మెక్‌డెర్మిడ్ సిండ్రోమ్. ముక్క తెగిందా అన్నది మైక్రోఅర్రే అనే డీఎన్ఏ పరీక్ష చెప్తుంది, దానికి ఊదా మూత ఈడీటీఏ గొట్టంలో రెండు మూడు మి.లీ. రక్తం చాలు. కానీ ఆ కొస తెగడం క్రోమోజోమ్ ఉంగరంలా చుట్టుకోవడం వల్ల జరిగిందా అన్నది మైక్రోఅర్రేకి తెలియదు, కేరియోటైప్ (క్రోమోజోమ్‌లని మైక్రోస్కోప్‌లో చూసే పరీక్ష) చేయాలి. దానికి ఆకుపచ్చ మూత హెపారిన్ గొట్టం. కణాలు బతికుండాలి కాబట్టి ఫ్రీజర్‌లో పెట్టి గడ్డకట్టించకూడదు, మంచుకి నేరుగా తాకించకూడదు, మే నెల ఎండలో కొరియర్ డిక్కీలో ఉడకనివ్వకూడదు, ఒకటి రెండు రోజుల్లో ల్యాబ్ చేరాలి. ఉంగరం ఉంటే ఎందుకు తెలియాలంటే, అలాంటి పిల్లలకి ఎన్ఎఫ్2 అనే జబ్బులో నరాల మీద వచ్చే కణితుల ముప్పు ఉంటుంది, ఆ నిఘా వేరు.

ఎక్సోమ్ పరీక్షలో (జన్యువుల్లో ప్రొటీన్ రాసే భాగాలన్నీ చదివేది) "ఏమీ లేదు" అని వచ్చిన పిల్లల తల్లిదండ్రులకి కూడా ఒక మాట. షాంక్3లో కొన్ని ఎక్సాన్లు (ఆ రాసే భాగాలు) జీ, సీ అక్షరాలు మరీ ఎక్కువున్నవి, మామూలు ఎక్సోమ్‌లో వాటి మీద రీడ్లు సరిగ్గా పడవు. ఒళ్లు మెత్తగా ఉండి, మాట రాక, నొప్పి తెలియనట్టు ఉండే బిడ్డ అయితే, రిపోర్టు ఇచ్చిన ల్యాబ్‌ని ఆ జన్యువు కవరేజీ ఎక్సాన్ల వారీగా ఇమ్మని అడగవచ్చు. ఆటిజం ఉన్నవాళ్లలో షాంక్3 మార్పులు నూటికి ఒకరికంటే తక్కువే, కాబట్టి ఆటిజం అనగానే ప్రతి బిడ్డకీ దీన్ని అంటగట్టక్కర్లేదు.

పక్కింటి వాళ్ల దగ్గర రిపోర్టు ఉంటే పేరు కొట్టేసి, మార్పు రాసిన లైను ఒక్కటి ఇక్కడ పెట్టమనండి. కొస తెగిందా, అక్షరం మారిందా అన్నది దాన్ని చూస్తే తెలుస్తుంది.